వెన్ను ఆపరేషన్ అయిన పెళుసెముకల బిడ్డను ఇంట్లో చూసుకోవడం

మా పాపకు 14 ఏండ్లు. ఎముక పెళుసుగా విరక్కుండా బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీను పుట్టుకతోనే సరిగా లేదు. కాగితాల్లో ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అని ఉంటుంది. వెన్ను వంకర పోతా ఉంటే రాడ్లు, స్క్రూలు వేయించి తిరుపతికి తెచ్చుకున్నాము.

మూడో నెలలో జడ వేస్తా ఉంటే మెడ కింద శెనగ్గింజంత గట్టిగా వేలికి తగిలింది. సెగ్గడ్డేమోనని పసుపు పెట్టినాను. నా తెలివితక్కువే! పది దినాలకు చర్మం ఎర్రబడి పలచనైంది. ఎక్స్‌రే తీస్తే పైన రెండు స్క్రూలు పట్టు విడిచినాయి. "పుచ్చిన వాసానికి మేకు కొడితే ఎంత నిలుస్తుందమ్మా" అన్నాడు సర్జన్. మళ్ళా తెరిచి, స్క్రూల చుట్టూ ఎముక సిమెంటు పెట్టి, ఇంకో రెండు పూసలు కలిపి బిగించినారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వీపంతా మెల్లగా తడిమి చూస్తాను. అదే గోడ దగ్గర కూర్చోబెట్టి పక్కనుంచి ఒక ఫోటో. తల ముందుకు వాలుతా ఉంటే రోజూ చూసే కంటికి తెలీదు, పాత ఫోటో పక్కన పెడితే తెలుస్తుంది.

పక్క తిప్పడానికి ఇద్దరు కావాలి. కింద మడత దుప్పటి, మోకాళ్ళ మధ్య దిండు. దుప్పటి పట్టుకోని తల, భుజం, తుంటి రోకలి దొర్లినట్టు ఒక్కసారే తిప్పాలి. చంకల్లో చేతులు పెట్టి లేపొద్దు, కాళ్ళు పట్టి లాగొద్దు. మా బావ ప్రేమగా ఎత్తబోతే అరిచేసినాను. వారం మాట్లాడలేదాయన. పోనీలే.

కాళ్ళలో కొత్తగా తిమ్మిరొచ్చినా, బలం తగ్గినా, ఒంటేలు ఆగిపోయినా, తెలీకుండా పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆయాసమైనా అంతే, ఇట్లాంటి పిల్లల ఛాతీలో ఊపిరితిత్తులకు చోటే తక్కువ. కుట్ల దగ్గర నీళ్ళ మాదిరి తేటగా కారుతా, కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతా ఉంటే వెన్నుపొర నీరు కారుతోందేమో చూపించాలి. జ్వరమొచ్చినా, చీము పట్టినా కూడా వెంటనే చూపించాలి. రక్తం తొందరగా కారే తత్వం కూడా వీళ్ళకుంటుంది, నొప్పి మాత్రలు సొంతంగా వేయొద్దు.

ఎమర్జెన్సీలో మొదటి మాట "ఎముకలు పెళుసు" అనే కావాలి. ఒకచోట (పేరెందుకులే) మిషను బీపీ పట్టీ బిగుసుకునే పాప చెయ్యి విరిగింది. ఇప్పుడు మంచానికి అట్టముక్క కడతాను: "తాకే ముందు వాళ్ళమ్మను అడగండి." ఆపరేషన్ కాగితాలు, ఎముకలకు ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ తేదీలు ఒకే కవర్లో ఉంటాయి. ఆ మందు ఆపరేషన్ తర్వాత మళ్ళా ఎప్పుడనేది సర్జన్‌నే అడగండి.

చెకప్‌కు పోయేటప్పుడు స్పీడ్ బ్రేకర్ ముందే చెప్పమని డ్రైవరుతో మాట తీసుకుంటాను. చంద్రగిరి దాటే లోపలే నాలుగుసార్లు "అక్కా, వస్తాండాది" అంటాడు. పాప దిండును కరుచుకుంటుంది.