సాబీ శాండ్‌కు వెళ్తున్నారా? స్వెట్టర్ మర్చిపోకండి

దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కును ఆనుకుని ఉన్న సాబీ శాండ్ ప్రైవేటు రిజర్వులో (వన్యప్రాణుల అభయారణ్యంలో) జంతువులను చూసేందుకు లాడ్జి తీసుకునేవారు జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తే మంచిది. అక్కడ అది చలికాలం. వానలుండవు, గడ్డి పలచబడుతుంది, జంతువులు నీటి దగ్గరికి చేరతాయి. పైగా ఇక్కడ గైడ్లు జీపును దారి దిగి పొదల్లోకి కూడా తీసుకెళ్తారు, చిరుతను దగ్గర నుంచి చూడొచ్చు.

కానీ ఆఫ్రికా అంటే ఎండే అనుకోవద్దు! తెల్లవారుజామున ఓపెన్ జీపులో చలిగాలి మొహాన కొడుతుంది. స్వెట్టర్, మంకీ క్యాప్, గ్లవ్స్ తప్పనిసరి. లాడ్జికి చిన్న విమానంలో వెళ్లేవారు గట్టి సూట్‌కేసు కాకుండా మెత్తటి బ్యాగు తీసుకోండి, బరువు మామూలుగా 20 కిలోల లోపే ఉండాలంటారు. మలేరియా మందుల గురించి ముందే డాక్టర్‌ను అడగండి. శాకాహారులైతే ఆ సంగతి బుకింగ్ రోజే చెప్పేయండి.