నీళ్లు 98 కాడనే మరుగుతున్నయా? థర్మామీటర్‌ని తిట్టకుండ్రి

మా పాలమూరుల సాయంత్రం ట్యూషన్‌కొచ్చే ఏడో తరగతి పిల్లలు ఈ వేడి, ఉష్ణోగ్రత పాఠం కాడికొచ్చేసరికి రోజుకొక కంప్లైంట్ తెస్తరు, సార్ థర్మామీటర్ ఖరాబైంది, సార్ మా కూలర్ ఖరాబైంది అని. చూస్తే చానసార్లు సామాను మంచిగనే ఉంటది, మనం అనుకున్నదే తప్పుంటది. గవన్నీ ఒక్కకాడ రాస్తున్న.

నీళ్లు కుతకుత మరుగుతున్నయి, కానీ థర్మామీటర్ 98 దాటుతలేదు

అందరు చేసేదేందంటే, రికార్డుల 98 కొట్టేసి 100 రాసుడు. గట్ల చేయకుండ్రి, మీరు చూసిందే కరెక్ట్. పుస్తకంల ఉన్న 100 సముద్రమట్టం కాడి లెక్క. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తుల ఉంది. ఎత్తుకు పోయినకొద్ది మీదికెళ్లి నొక్కే గాలి తగ్గుతది, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరిగే స్థానం కిందికి దిగుతది, మన కాడ 98 కొంచెం అటిటు వస్తది. 94, 95 చూపిస్తే మాత్రం జర అనుమానపడాలె. ముందుగాల థర్మామీటర్ కింది బల్బు నీళ్లల్ల మంచిగ మునిగిందా చూడుండ్రి, తర్వాత ఐస్ పొడి కొట్టి కొంచెం నీళ్లు కలిపి అండ్ల పెట్టుండ్రి, 0 చూపించాలె. చూపియ్యకపోతే అప్పుడు థర్మామీటర్‌దే తప్పు.

మంట పెంచినా 98 కాడనే ఉందేంది అంటరు. ఉంటది మరి, ఇగ వచ్చే వేడంతా నీళ్లను ఆవిరి చేసుడుకే పోతది. ఒక గ్రాము నీళ్లను 0 నుంచి 100 దాక తేవాలంటే 100 క్యాలరీలు చాలు, అదే గ్రామును ఆవిరి చేయాలంటే ఇంకా 540 కావాలె. అందుకే ఆవిరి తగిలితే మరిగే నీళ్లకన్న ఎక్కువ కాలుతది. మూత లేని గంజుల పప్పు ఒకసారి మరిగినంక మంట తగ్గించినా, మరుగుడు ఆగకపోతే చాలు, అంతే టైంల ఉడుకుతది, గ్యాస్ మిగులుతది, మీ అమ్మకు చెప్పుండ్రి.

అన్నట్టు, సెల్సియస్ అనే స్వీడన్ సైంటిస్టు 1742ల ఈ స్కేల్ చేసినప్పుడు మరిగే నీళ్లకు 0, గడ్డకట్టే నీళ్లకు 100 పెట్టిండు! ఆయన పోయినంక దాన్ని తిప్పి పెట్టిండ్రు.

ఫోన్ల 43 అంటుంది, మా డాబా మీద 54 ఉంది

థర్మామీటర్‌ను ఎండల పెడితే అది గాలిని కొలవదు, ఎండకు కాలిన తననే తాను కొలుచుకుంటది. వాతావరణ శాఖోళ్లు గాలి ఆడే తెల్లటి చెక్క పెట్టెల, నేలకు మీటరుంపావు నుంచి రెండు మీటర్ల ఎత్తుల పెట్టి కొలుస్తరు. మీరు కూడా వేపచెట్టు నీడల, గోడకు దూరంగ వేలాడదీసి పది నిమిషాలు ఆగి చూడుండ్రి, తేడా చాన మటుకు పోతది.

బెంచీ ఇనుప కాలు చల్లగ ఉంది, చెక్క వెచ్చగ ఉంది

రెండిటి ఉష్ణోగ్రత ఒక్కటే, రాత్రంతా ఒకే రూంల ఉన్నయి కద. తప్పు చెయ్యిది. ఇనుము చేతిలోని వేడిని గబగబ గుంజుకుంటది, చెక్క మెల్లగ. నమ్మకపోతే మే నెల మధ్యాహ్నం అదే క్లాస్‌రూంల 43 ఉన్నప్పుడు పట్టుకొని చూడుండ్రి, ఇప్పుడు ఇనుమే ఎక్కువ కాలినట్టనిపిస్తది, ఎందుకంటే చేతికన్న అదే వేడిగ ఉంది, ఆ వేడిని గబగబ మీకే ఇస్తుంది. చల్లటి దేశాల పిల్లలకు ఈ రెండో ప్రయోగం అంత అలకగ దొరకదు, మనకు ఫ్రీ.

రంజన్ల నీళ్లు చల్లగైతలేవు, కూలర్ పెడితే ఒళ్లు జిగటగైతుంది

రెండిటి రోగం ఒక్కటే. నీళ్లు ఆవిరైతేనే చల్లదనం, ఆవిరయ్యేటప్పుడు ఆ వేడిని కుండ నుంచో గాలి నుంచో తీసుకుంటయి. రంజన్ బయట చెయ్యి పెట్టి చూడుండ్రి, తడి తగలకుండ పొడిగ ఉందంటే సన్న రంధ్రాలు పూడినట్టు. బోరునీళ్లల్ల ఉప్పు ఎక్కువుంటే తెల్లగ పేరుకుంటది. కొబ్బరి పీచుతోని రుద్ది కడగాలె, సబ్బు వద్దు, ఆ రంధ్రాలల్లకు పోతది. గాలొచ్చే నీడల పెట్టాలె, వంటింట్ల కాదు. పువ్వులు గీసి పెయింటేసిన రంజన్ కొంటే మాత్రం నేనేం చేయలేను.

కూలర్‌కు అందరు చేసే తప్పు తలుపులు, కిటికీలు మూసుడు. లోపలి గాలి తేమతోని నిండిపోతే ఇంక నీళ్లు ఆవిరి కావు, చెమట కూడా ఆరదు. ఎదురుంగ ఒక కిటికీ తెరిచి పెట్టుండ్రి, గడ్డి మొత్తం తడుస్తుందా చూడుండ్రి. వానకాలంల అయితే బయటనే తేమ, పంపు బంద్ చేసి ఉత్త ఫ్యాన్ నడిపిచ్చుడే మేలు.

80 డిగ్రీల లీటరు, 20 డిగ్రీల లీటరు కలిపితే 50 రావాలె, 46 వచ్చింది

మిగతాది గిన్నె, గాలి తిన్నయి. గిన్నె చుట్టు థర్మోకోల్ కట్టి, మూతపెట్టి జల్ది కొలిస్తే 50కి దగ్గరికొస్తది. కొందరైతే 100 వస్తదని రాస్తరు, ఉష్ణోగ్రతలు కూడుకునేటివి కాదు, కూడుకునేది వేడి. దీపావళికి కాకరపువ్వొత్తి రవ్వ ఎంతో వేడిగ ఉంటది కానీ చేతి మీద పడితే చురుక్కుమని ఊరుకుంటది, దాంట్ల పదార్థం చాన తక్కువ. అంతకన్న ఎంతో తక్కువ డిగ్రీలున్న మరిగే నీళ్లు గంజెడు పడితే దవాఖానకు పోవాలె.

ఇంకొకటి, జ్వరం చూసే థర్మామీటర్ 42 దాకనే, దాన్ని చాయ్ గిలాసల పెట్టి చూసినోళ్లున్నరు, పగిలింది.