తాళంచెవి బొమ్మ దగ్గరే ఆగిపోకండి, కరోనా స్పైక్ పని చేత్తోనే చూపించొచ్చు

ఇంట్లో బైపీసీ పిల్లలుంటే అడిగి చూడండి, కరోనా కణంలోకి ఎలా వెళ్తుందిరా అంటే తాళం, తాళంచెవి బొమ్మ గీసి పక్కన ఏస్‌2 (కణం మీద వైరస్ పట్టుకునే ప్రోటీన్) అని రాసి పెన్ను మూసేస్తారు. అది గుమ్మం దాకా రావడమే. అసలు పని తర్వాత ఉంది, అది చూపించడానికి ఒక టవల్, ఒక కర్టెన్, మీ కుడి చెయ్యి చాలు.

ముందు ఒక డౌట్ వస్తుంది. చారు మీద రెండు నూనె చుక్కలు తగిలితే కలిసిపోతాయి కదా, వైరస్ పొరా కొవ్వే, కణం పొరా కొవ్వే, మరి వీటికేం రోగం? ఈ పొరల్లో కొవ్వు అణువుల తలలు బయటికుంటాయి, వాటికి నీళ్ళు పట్టుకుని ఉంటాయి, ఆ నీళ్ళని తోసేసి రెండు పొరల్నీ దగ్గరికి లాగాలంటే బలం కావాలి. స్పైక్, అంటే వైరస్ మీద ముల్లులా పొడుచుకొచ్చిన ప్రోటీన్, ఆ బలాన్ని ముందే బిగించిన స్ప్రింగులా తనలోనే దాచుకుంటుంది, కణాలు ఖర్చుపెట్టే ఇంధనం ఏటీపీ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీ భుజం వైరస్, చెయ్యి స్పైక్, కర్టెన్ కణం. పిడికిలి గుండెకి ఆనించి పైన టవల్ కప్పండి. ఆ టవలే ఎస్‌1, అంటే స్పైక్ పై భాగం, ఏస్‌2ని పట్టుకునేది అదే. స్పైక్ గొలుసులో 685వ అమైనో ఆమ్లం దగ్గర ఫ్యూరిన్ అనే ఎంజైమ్ ముందే కోసి ఉంచుతుంది, ఏస్‌2 దొరికాక టీఎంపీఆర్‌ఎస్‌ఎస్‌2 అనే ఎంజైమ్ 815 దగ్గర ఇంకో కోత పెడుతుంది (అది లేని కణమైతే వైరస్‌ని సంచిలో మింగేస్తుంది, అక్కడ కెథెప్సిన్ ఎల్ కోస్తుంది). టవల్ లాగేయండి, చెయ్యి ఒక్కసారిగా చాచి వేళ్ళతో కర్టెన్ పట్టుకోండి, ఆ వేళ్ళు ఫ్యూజన్ పెప్టైడ్, అంటే కణం పొరలో గుచ్చుకునే ముక్క.

ఇక మోచెయ్యి మడవండి. ముంజేయి హెచ్‌ఆర్‌1, భుజం వైపుది హెచ్‌ఆర్‌2 (స్పైక్‌లో రెండు ముక్కల పేర్లివి), రెండూ పక్కపక్కన చేరేసరికి కర్టెన్ భుజం మీదకొచ్చేసిందా? అంతే. నిజంగా ఇలాంటి చేతులు మూడుంటాయి, మూడు హెచ్‌ఆర్‌1లు మధ్యలో, మూడు హెచ్‌ఆర్‌2లు చుట్టూ, మొత్తం ఆరు పోగుల కట్ట. ముందు రెండు పొరల బయటి వరసలు కలుస్తాయి, తర్వాత రంధ్రం పడుతుంది, వైరస్ జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ లోపలికి. మడిచిన చెయ్యి మళ్ళీ తెరుచుకోదు, ఒక స్పైక్‌కి ఒకటే ఛాన్సు.

అందుకే ఫైజర్, మోడెర్నా టీకాలు తయారుచేయించే స్పైక్‌లో 986, 987 దగ్గర ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు పెట్టారు, చెయ్యి చాచకుండా సిమెంటు కట్టు వేసినట్టు. మన హైదరాబాద్ బయలాజికల్ ఇ వాళ్ళ కార్బెవాక్స్‌లో అసలు చెయ్యే లేదు, టవల్లో ఏస్‌2ని పట్టుకునే ముక్క ఒక్కటే.