మెడల్ అంచు నుంచి బ్యాటరీ దాకా: బ్రిటిష్ ఫిరంగి సైనికుడి ఆచూకీ తీయడం

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఫిరంగి దళంలో పనిచేసినవాడి మెడల్ చేతికొస్తే, దయచేసి చింతపండు పెట్టి తోమకండి. బ్రాసో కూడా వద్దు. మెరుపు రావచ్చు గానీ అంచు మీద కొట్టిన పేరు అరిగిపోతుంది. పేరు పోతే మిగిలేది ఉత్త బిళ్ళే. పొడి మెత్తటి గుడ్డ చాలు.

పది రెట్ల భూతద్దం పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుని అంచు తిప్పుతూ చదవండి. ఆ యుద్ధానికి ఇచ్చిన వార్ మెడల్‌కి, విక్టరీ మెడల్‌కి వివరాలు అంచు మీద ఉంటాయి, స్టార్‌కి (1915 చివరిలోపు యుద్ధరంగానికి వెళ్ళినవాళ్ళకి ఇచ్చిన నక్షత్రం ఆకారపు పతకం) వెనకవైపు. ముందు నంబర్, తర్వాత హోదా, పేరు, దళం. 'జీఎన్ఆర్' గన్నర్, 'ఎస్‌జేటీ' సార్జెంట్ (అక్కడ జే తప్పు కాదు, అప్పటి రాత అంతే). 'డీవీఆర్' డ్రైవరే గానీ లారీ డ్రైవర్ కాదు. 18 పౌండర్ ఫిరంగిని ఆరు గుర్రాలు లాగేవి; జతకొకడు చొప్పున ముగ్గురు డ్రైవర్లు ఎడమవైపు గుర్రాలెక్కి తోలేవారు.

పాత పేరు అరగదీసి కొత్తది కొట్టారేమోనని అనుమానమా? కాలిపర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. వ్యాసం 36 మిల్లీమీటర్లు ఉండాలి, ఒకచోట తగ్గిందంటే అక్కడ గీకినట్టే. స్టార్ మీద 'ఆర్ఎఫ్ఏ' (రాయల్ ఫీల్డ్ ఆర్టిలరీ), వార్ మెడల్ మీద 'ఆర్ఏ' (రాయల్ ఆర్టిలరీ) అని ఉంటే మాత్రం కంగారు పడొద్దు, అదే మామూలు. వెండి ధర ఆకాశానికెక్కిన 1980 ప్రాంతంలో వెండితో చేసిన వార్ మెడళ్ళు చాలా కరిగిపోయాయి. అందుకే విక్టరీ మెడల్ ఒంటరిగా దొరుకుతుంటుంది.

తర్వాత లండన్‌లో క్యూ (Kew) అనే ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 372 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీసు, ఆ నంబర్ రికార్డుల వరుసది) కింద మెడల్ కార్డు వెతకండి. 1915 చివరిలోపు యుద్ధరంగానికి వెళ్ళినవాడైతే ఎక్కడికి, ఏ తేదీన అన్నది కార్డులో ఉంటుంది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళకి ఆ గడి సాధారణంగా ఖాళీ, ఎందుకంటే ఆ తేదీ స్టార్ అర్హత తేల్చడానికే. టెరిటోరియల్ (పార్ట్‌టైం వాలంటీర్ దళం) వాళ్ళకి 1917లో ఆరంకెల కొత్త నంబర్లిచ్చారు, కాబట్టి కార్డులో రెండు నంబర్లుంటే ఇద్దరు మనుషులనుకోకండి. సర్వీసు ఫైలు డబ్ల్యూఓ 363లో దొరికితే అదృష్టమే. 1940 సెప్టెంబర్ బాంబుదాడిలో సగానికి పైగా కాలిపోయాయి.

అసలు చిక్కు బ్యాటరీ, అంటే అతను పనిచేసిన ఫిరంగుల జట్టు. ఫిరంగి దళం మెడల్ రోల్స్‌లో (పతకాలు పొందినవాళ్ళ జాబితాల్లో) అది చాలావరకు ఉండదు. మిలిటరీ మెడల్ (ధైర్యానికి ఇచ్చే పతకం) కూడా వచ్చి ఉంటే దాని అంచు చూడండి: 'బి.70 బ్రిగేడ్' తరహాలో ఉంటే 70వ బ్రిగేడ్, బి బ్యాటరీ అని. చనిపోయినవాడైతే యుద్ధ సమాధుల కమిషన్ రికార్డు, బతికొచ్చినవాడైతే 1918 నాటి గైర్హాజరు ఓటర్ల జాబితా (సైన్యంలో ఉండి ఊళ్ళో లేని ఓటర్లది) చూడాలి.

బ్రిగేడ్ దొరికాక డబ్ల్యూఓ 95లో యుద్ధ డైరీ తెరవండి. ఫిరంగి బ్రిగేడ్ అంటే పదాతి బ్రిగేడంత పెద్దది కాదు. లెఫ్టినెంట్ కల్నల్ కింద నాలుగు బ్యాటరీలుండేవి. డైరీ డివిజన్ (చాలా బ్రిగేడ్లున్న పెద్ద సైనిక విభాగం) కింద 1916 దాకా ఉండి హఠాత్తుగా ఆగిపోయిందా? 1917 మొదట్లో చాలా బ్రిగేడ్లను డివిజన్ల నుంచి తీసి ఆర్మీ బ్రిగేడ్లుగా, అంటే ఏ డివిజన్‌కీ చెందకుండా నేరుగా ఆర్మీ కింద ఉండేవాటిగా మార్చారు. మిగతా పేజీలు ఆర్మీ దళాల కింద వెతకండి.