వీఏ డిజేబిలిటీ వస్తున్న ఎక్స్ చైల్డ్ సపోర్ట్ కట్టట్లేదా? ఇలా వసూలు చెయ్యొచ్చు

"నాకొచ్చేది వీఏ డిజేబిలిటీ, ఫెడరల్ డబ్బు, దాన్ని ఎవ్వడూ ముట్టుకోలేడు, ఏం చేసుకుంటావో చేసుకో." (వీఏ అంటే మాజీ సైనికుల సంగతి చూసే అమెరికా ఫెడరల్ శాఖ, సర్వీసులో వచ్చిన గాయాలకి, జబ్బులకి అది నెలనెలా ఇచ్చే డబ్బే ఈ డిజేబిలిటీ.) అమెరికాలో మాజీ సైనికుడితో విడిపోయి పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్నవాళ్ళలో చాలామంది ఈ డైలాగ్ విని అక్కడితో ఊరుకుంటారు. నాకు తెలిసిన ఒకావిడైతే రెండేళ్ళు ఊరుకుంది. ఆ మాటలో సగమే నిజం, ఆ సగం ఏదో తెలిస్తే మిగతాది మన చేతిలోనే ఉంటుంది. (కట్టాల్సింది తల్లయినా రూల్స్ ఇవే, రాయడానికి ఈజీ అని "ఆయన" అంటున్నా.)

నిజమైన సగం ఏంటంటే, 38 యూఎస్ కోడ్ సెక్షన్ 5301 ప్రకారం వీఏ డిజేబిలిటీ కాంపెన్సేషన్‌ని అప్పులవాళ్ళు అటాచ్ చెయ్యలేరు, అంటే పట్టుకోలేరు, అందుకే జీతంలోంచి కోసినట్టు మామూలుగా చైల్డ్ సపోర్ట్‌కి నేరుగా వీఏ నుంచి కొయ్యడం కుదరదు. కానీ దీనికో మినహాయింపు ఉంది, 42 యూఎస్ కోడ్ సెక్షన్ 659 లో. ఆయన మిలిటరీ నుంచి రిటైరై, వీఏ డబ్బు తీసుకోవడం కోసం రిటైర్డ్ పే (మిలిటరీ పెన్షన్) లో కొంత వదులుకుని ఉంటే, అలా వదులుకున్నదానికి బదులుగా వచ్చే వీఏ భాగాన్ని గార్నిష్ చెయ్యొచ్చు, అంటే ఆయన చేతికి వెళ్ళకముందే కోయించొచ్చు. ఉదాహరణకి రిటైర్డ్ పే 2,000 డాలర్లు, అందులో 800 వదిలేసి వీఏ నుంచి 800 తీసుకుంటున్నాడనుకోండి, ఆ 800 మీద కూడా గార్నిష్ పెట్టొచ్చు. మిగిలిన 1,200 రిటైర్డ్ పే మీద ఎలాగూ పెట్టొచ్చు, దానికి ఆర్డర్ డీఫాస్‌కి (మిలిటరీ జీతాలు, పెన్షన్లు ఇచ్చే ఆఫీసు) వెళ్తుంది. అదే నాలుగేళ్ళు చేసి బయటికొచ్చి కేవలం వీఏ మాత్రమే తీసుకునేవాడైతే ఈ దారి మూసుకున్నట్టే.

కాబట్టి మొదటి పని ఆయనకి ఏ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే వీఏ కాంపెన్సేషన్‌కి టాక్స్ లేదు, టాక్స్ రిటర్న్‌లో కనపడదు, అందుకని రిటర్న్ చూసి "ఇన్‌కమ్ లేదు పాపం" అనుకుంటారు. కోర్టు ద్వారా వీఏ బెనిఫిట్ లెటర్ అడగండి, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడగండి. సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీ వస్తోందేమో కూడా చూడండి, అది చైల్డ్ సపోర్ట్‌కి గార్నిష్ అవుతుంది, పైగా పిల్లలకి ఆయన రికార్డు మీద విడిగా బెనిఫిట్ రావొచ్చు. ఎస్‌ఎస్‌ఐ (ఇన్‌కమ్ బాగా తక్కువున్నవాళ్ళకి ఇచ్చే సాయం) అయితే మాత్రం గార్నిష్ అవ్వదు, ఈ రెండిటినీ కలిపెయ్యకండి. ఇంకోటి, వీఏ రేటింగ్ (డిజేబిలిటీ ఎంత శాతమో వీఏ కట్టే లెక్క) 30 శాతం లేదా ఆ పైన ఉంటే పిల్లల పేరు మీద ఎక్స్‌ట్రా డబ్బిస్తారు. పిల్లాడి పేరు చెప్పి నెలనెలా తీసుకుంటూ పిల్లాడికి పైసా పంపట్లేదని ఆ లెటర్ చూపిస్తే జడ్జి మొహం మారుతుంది.

రెండోది, స్టేట్ చైల్డ్ సపోర్ట్ ఆఫీసులో కేస్ ఓపెన్ చెయ్యండి, లాయర్ లేకపోయినా పర్లేదు. వీఏ చెక్ జోలికి పోలేకపోయినా వాళ్ళ దగ్గర వేరే ఆయుధాలున్నాయి. బకాయి 500 డాలర్లు దాటితే (మీరు టానఫ్, అంటే పేద కుటుంబాలకిచ్చే ప్రభుత్వ నగదు సాయం, తీసుకుంటుంటే 150 కే) ఫెడరల్ టాక్స్ రిఫండ్ పట్టుకోవచ్చు, 2,500 దాటితే పాస్‌పోర్ట్ ఆపొచ్చు, డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ చేయించొచ్చు. పక్కన ఉద్యోగం కూడా చేస్తుంటే ఆ జీతంలోంచి మామూలుగానే కోస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. చెక్‌ని పట్టుకోలేకపోతే మనిషిని పట్టుకోవాలి. 1987 లో యూఎస్ సుప్రీంకోర్టు రోజ్ వర్సెస్ రోజ్ అనే టెనెసీ కేసులో సరిగ్గా ఇదే తేల్చింది: ఆ డబ్బు సైనికుడి కోసమే కాదు, అతని కుటుంబం కోసం కూడా, కాబట్టి వీఏ తప్ప వేరే ఇన్‌కమ్ లేకపోయినా సరే చైల్డ్ సపోర్ట్ కట్టకపోతే స్టేట్ కోర్టు అతన్ని కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) కింద జైల్లో పెట్టొచ్చు. అంటే కోర్టు వీఏకి చెప్పట్లేదు, అకౌంట్లో పడ్డాక నువ్వే తీసి కట్టు అని ఆయనకి చెప్తోంది. అవతలి లాయర్ మాన్సెల్, హోవెల్ కేసులు తీసుకొస్తే కంగారు పడకండి, అవి విడాకుల్లో మిలిటరీ రిటైర్డ్ పే ఆస్తిగా పంచుకోవడం గురించి, పిల్లల ఖర్చు గురించి కాదు.

కంటెంప్ట్ మోషన్ వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, "కట్టలేదు" అని చెప్తే సరిపోదు, కట్టగలిగీ కట్టలేదు అని తేలాలి, 2011 లో టర్నర్ వర్సెస్ రోజర్స్ అనే సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జడ్జీలు కట్టే స్తోమత ఉందా లేదా అన్నది గట్టిగానే చూస్తారు. అందుకే పైన చెప్పిన లెటరు, స్టేట్‌మెంట్లు. కొత్త ట్రక్ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నవ్వులాటకి కాదు, పనికొస్తుంది.

వీఏ దగ్గరే నేరుగా అడిగే దారి ఇంకోటి ఎన్నో ఏళ్ళు నడిచింది (ఇప్పటికీ అందరికీ ఉందో లేదో కనుక్కోవాలి), దాన్ని అపోర్షన్‌మెంట్ అంటారు, ఫారం 21-0788. ఆయన పిల్లల్ని పోషించట్లేదని, మీకు ఇబ్బందిగా ఉందని చూపిస్తే బెనిఫిట్‌లో కొంత పిల్లలకి మళ్ళించమని అడగడం. ఎన్నో ఏళ్ళు నడిచిన రూల్ ప్రకారం మామూలుగా 20 శాతం కంటే తక్కువైతే పిల్లలకి చాలదని, 50 దాటితే సైనికుడికి కష్టమని లెక్క. అయితే ఇది స్లో, బకాయిల వసూలుకి కాదు, రూల్స్ కూడా మారుతుంటాయి, ఫారం నింపేముందు 1-800-827-1000 కి కాల్ చేసి మీలాంటి కేసు తీసుకుంటున్నారా అని కనుక్కోండి. ఆయన ఫెలనీ కేసులో జైల్లో ఉంటే మాత్రం తప్పకుండా అడగండి, 60 రోజులు దాటాక ఆయనకిచ్చేది బాగా తగ్గించేస్తారు, అలా తగ్గించిన డబ్బు పిల్లలకి ఇవ్వడానికి వీలుంటుంది.

"నేను డిజేబుల్డ్ అయ్యా కదా పాత బకాయి కొట్టెయ్యండి" అని అడుగుతాడు. కుదరదు. 1986 బ్రాడ్లీ అమెండ్‌మెంట్ ప్రకారం పేరుకుపోయిన బకాయిని జడ్జి వెనక్కెళ్ళి తగ్గించలేడు, తగ్గిస్తే పిటిషన్ వేసి మీకు నోటీస్ వచ్చినప్పట్నుంచే.

ఇక మధ్యలో "సగం పంపిస్తా, కోర్టుకి వెళ్ళకు" అని ఫోన్‌లోకి డబ్బు పంపిస్తే, స్టేట్ పేమెంట్ సెంటర్ ద్వారానే కట్టమని మెసేజ్ పెట్టండి, అప్పుడు ఎవరు ఎప్పుడు ఎంత కట్టారన్నది ఆయన నోటి మాట మీద కాకుండా స్టేట్ రికార్డులోనే ఉంటుంది.