గండి పడక ముందే: బంగారం, బాండ్లు దాచుకున్నవారికి కొన్ని జాగ్రత్తలు

2024 సెప్టెంబరు 1న విజయవాడలో చాలామంది చూపు ప్రకాశం బ్యారేజీ మీదే ఉంది. మర్నాటికి అక్కడ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది కూడా. కానీ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ఇళ్లలోకి వచ్చినవి కృష్ణ నీళ్లు కావు, గండ్లు పడిన బుడమేరు నీళ్లు. వారం తర్వాత అక్కడి మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, మేడ మీద బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఎఫ్‌డీ రసీదులు, పోస్టాఫీసు పాత సర్టిఫికెట్లు, స్థలం దస్తావేజులు ఆరవేసి ఉన్నాయి. ఒకదాని మీద సంతకం కరిగి నీలి మరకగా మిగిలింది. వారికి ఆస్తి లేక కాదు. ఇంట్లో 12 కాసుల బంగారం ఉండి కూడా, ఏటీఎంలు పనిచేయక, బ్యాంకు తెరవక, పాలకూ మందులకూ తెలిసినవారి దగ్గర 2 వేలు బదులు తీసుకున్నారు.

ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు జరిగేది కూడా ఇంచుమించు ఇదే. షేర్ల జోలికి పోకుండా, కొంత బంగారం, కొన్ని బాండ్లు, కొన్ని డిపాజిట్లు అని విడివిడిగా దాచుకున్నవారు తమకు భయం లేదనుకుంటారు. అది సగమే నిజం. వాటిని ఎప్పుడు అమ్మాలో మనం నిర్ణయించుకోగలిగినంత కాలమే అవి మనల్ని కాపాడతాయి. ఆ నిర్ణయం ఆసుపత్రి బిల్లు చేతికో, పిల్లల ఫీజు గడువు చేతికో పోయిన రోజున బంగారమైనా బాండైనా వచ్చిన ధరకు వదులుకోవలసిందే. కాబట్టి ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఆ బలవంతపు అమ్మకాన్ని తప్పించుకోవడానికే.

సంక్షోభంలో బంగారం పెరుగుతుందని అందరికీ తెలుసు, కానీ మొదటి వారాల్లో అది తరచుగా పడిపోతుందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. 2008 మార్చిలో ఔన్సు 1,000 డాలర్లు దాటిన బంగారం, సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ కుప్పకూలిన తర్వాత అక్టోబరు చివరికి దాదాపు 700 డాలర్లకు దిగింది. 1,900కు చేరడానికి 2011 దాకా పట్టింది. 2020 మార్చిలోనూ 1,700 దగ్గర నుంచి పది పన్నెండు రోజుల్లోనే 1,500 దిగువకు జారి, ఆగస్టులో 2,000 దాటింది. కారణం పెద్ద విచిత్రమేమీ కాదు. అప్పులు తీర్చవలసిన పెద్ద సంస్థలు అమ్ముడుపోయే వస్తువునే ముందు అమ్ముతాయి, బంగారం ఎప్పుడైనా అమ్ముడుపోతుంది. ఇక 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్‌లో విజయవాడ వన్‌టౌన్ నగల దుకాణాల షట్టర్లే లేవలేదు కాబట్టి, ధర ఎంత ఉన్నా పెట్టెలోని బంగారం పెట్టెలోనే ఉండిపోయింది.

అందువల్ల మొదటి జాగ్రత్త బంగారంతోనూ బాండ్లతోనూ సంబంధం లేనిది. ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా, కనీసం రెండు బ్యాంకుల్లో ఉండాలి. నెలకు 40 వేలు ఖర్చయ్యే కుటుంబానికి అది 4 లక్షల 80 వేలు. రెండు బ్యాంకులు ఎందుకంటే, 2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ సహకార బ్యాంకు మీద ఆర్బీఐ ఆంక్షలు పెట్టినప్పుడు ఖాతాదారులకు మొదట అనుమతించింది 1,000 రూపాయలే; 2020 మార్చి 5న యెస్ బ్యాంకు విషయంలో 50 వేలు, అది కూడా దాదాపు రెండు వారాల పాటు. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి 4 నుంచి లక్ష బదులు 5 లక్షలైంది. ఆ 5 లక్షలలో అసలూ వడ్డీ కలిసే ఉంటాయి, ఒకే బ్యాంకుకు చెందిన శాఖలన్నింటిలోని డిపాజిట్లను కలిపే లెక్కవేస్తారు. గవర్నర్‌పేట శాఖలో 4 లక్షలు, బెంజ్ సర్కిల్ శాఖలో 4 లక్షలు వేసి రెంటికీ బీమా ఉందనుకోవడం పొరపాటు. బ్యాంకు మీద ఆంక్షలు వస్తే బీమా సొమ్ము 90 రోజుల్లో చెల్లించాలని 2021లో చట్టం సవరించారు. ఆ 90 రోజులు గడిపేది రెండో బ్యాంకులోని డబ్బుతోనే. ఇంట్లో ఒక నెల ఖర్చుకు నోట్లు కూడా ఉంచుకోండి, ఈ మాట పాతకాలపుదిగా అనిపించినా సరే.

తర్వాత బాండ్లు, అంటే ప్రభుత్వమో కంపెనీయో మన దగ్గర అప్పు తీసుకుని ఇచ్చే పత్రాలు. బాండును చూపిస్తే మనవారు మొదట అడిగేది వడ్డీ ఎంత అని. నిజానికి మొదట అడగవలసింది, కింద సంతకం పెట్టింది ఎవరు అని. భారత ప్రభుత్వం పెట్టిన సంతకం వేరు, రాష్ట్ర ప్రభుత్వం పక్కన నిలబడి ఇచ్చిన హామీ వేరు, కంపెనీ మాట మరీ వేరు. మన అమరావతి కోసం 2018 ఆగస్టులో రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2,000 కోట్ల బాండ్లను 10.32 శాతం వడ్డీకి ముంబై స్టాక్ ఎక్స్ఛేంజీలో జారీ చేసినప్పుడు అందరం గర్వపడ్డాం. రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉన్నా, తర్వాతి ఏళ్లలో వాటి రేటింగు, అంటే అప్పు తిరిగి వస్తుందా అన్నదానికి వేసే మార్కు, దిగజారింది. రేటింగు కూడా పూర్తి అభయం కాదు. రోడ్ల వంటి మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్‌ఎఫ్‌ఎస్ సంస్థ 2018 సెప్టెంబరులో చెల్లింపులు ఎగవేయడానికి కొన్ని వారాల ముందు దాకా దాని అప్పు పత్రాలకు అత్యున్నత రేటింగే ఉంది.

కొన్ని బాండ్లు పుట్టుకతోనే ప్రమాదకరమైనవి. బ్యాంకులు జారీ చేసే ఏటీ1 బాండ్లలో, బ్యాంకు కష్టంలో పడితే అసలును పూర్తిగా రద్దు చేయవచ్చన్న షరతు ఉంటుంది. 2020 మార్చిలో యెస్ బ్యాంకు అలాంటివి 8,415 కోట్ల రూపాయలవి సున్నా చేసింది. ఎఫ్‌డీ లాంటివేనని నమ్మి కొన్నవారు వాటిలో ఉన్నారు. కాబట్టి డిపాజిట్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు కౌంటరులో ఎవరైనా "ఇది కూడా ఎఫ్‌డీనే సార్, వడ్డీ రెండు శాతం ఎక్కువ" అంటే, ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, చదివినవారికి చూపించి, మూడు రోజుల తర్వాత జవాబు చెప్పండి. పేర్ల విషయంలో మన ప్రాంతానికి వేరే పాఠం అక్కర్లేదు: విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ పేరులో బంగారం ఉంది, దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్ల చేతికి మాత్రం రాలేదు. చివరికి 2019లో 10 వేల లోపు వారికి, 2021లో 20 వేల లోపు వారికి రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది.

భారత ప్రభుత్వ బాండ్లలో ఎగవేత భయం లేదు గానీ ధర భయం ఉంది, ఇది చాలామందికి కొత్తగా వినిపిస్తుంది. 100 రూపాయల ముఖవిలువతో 7 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండు మీ దగ్గర ఉందనుకుందాం. రేపు కొత్త బాండ్లు 8 శాతం ఇస్తే మీ పాత బాండును 100కు ఎవరూ కొనరు. దాని ధర 93 రూపాయల చిల్లరకు దిగుతుంది. అదే ముప్పై ఏళ్ల బాండైతే 89 లోపే, ఏడాదిలో తీరిపోయేదైతే 99 పైన. గడువు ఎంత పొడవైతే దెబ్బ అంత గట్టిది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య ఆర్బీఐ, బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ అయిన రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు పొడవు గడువు బాండ్లు ఉన్నవారు ఈ లెక్కను అనుభవంలో నేర్చుకున్నారు. అమెరికాలో 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడటానికి ఒక పెద్ద కారణం కూడా ఇదే: బాండ్లు మంచివే, వాటిని గడువుకు ముందే అమ్మవలసి రావడమే చెడ్డది.

దీనికి మందు మెట్ల పద్ధతి. పది లక్షలు బాండ్లకు కేటాయించినవారు ఒకే గడువుకు పెట్టకుండా, ఏడాదికి రెండు లక్షల చొప్పున ఐదేళ్లలో తీరేలా విడదీస్తే, ప్రతి ఏడాదీ ఒక మెట్టు డబ్బుగా మారి చేతికి వస్తుంది. అవసరం లేకపోతే అప్పటి వడ్డీకి మళ్లీ ఐదేళ్లకు వేయవచ్చు. 2021 నవంబరు నుంచి ఆర్బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా ద్వారా ఎవరైనా రుసుము లేకుండా ప్రభుత్వ బాండ్లను నేరుగా కొనుక్కోవచ్చు. వడ్డీ రేట్లు పెరుగుతాయన్న బెంగ ఉన్నవారికి ఆర్బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండ్లు ఉన్నాయి. పోస్టాఫీసు జాతీయ పొదుపు పత్రం (ఎన్‌ఎస్‌సీ) వడ్డీకి 0.35 శాతం కలిపి ఇస్తారు, ఆర్నెల్లకోసారి రేటు మారుతుంది. వాటి గడువు ఏడేళ్లు, మధ్యలో అమ్మడానికి వీల్లేదు, ముందుగా తీసుకునే సౌకర్యం అరవై దాటినవారికే, అదీ కొన్నేళ్ల తర్వాతే. కనుక అత్యవసరానికి ఉంచిన డబ్బును వీటిలో వేయకూడదు.

బంగారం విషయంలో నేను కొంచెం కఠినంగానే చెబుతాను: ఒంటి మీది నగలను పెట్టుబడిగా లెక్కవేయకండి. అమ్మాయి పెళ్లికి చేయించిన హారాన్ని సంక్షోభంలో అమ్ముతారా అని మిమ్మల్ని మీరు అడిగి చూడండి. అమ్మినా, కొన్నప్పుడు ఇచ్చిన తరుగు, మజూరీ, జీఎస్టీ తిరిగి రావు. అమ్మేటప్పుడు రాళ్ల బరువు, లక్క బరువు తీసేసి, కరిగించి చూసి, మిగిలిన దానికే లెక్క కడతారు. ఉన్న నగలకైనా హాల్‌మార్కు, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసిన, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే వివరాలు వస్తాయి.

పెట్టుబడి బంగారానికి ఈటీఎఫ్, అంటే షేర్లలా ఎక్స్ఛేంజీలో కొనే బంగారు ఫండు, మేలు. 2015 నవంబరులో మొదలైన, బంగారం ధరకు ముడిపెట్టి ప్రభుత్వం ఇచ్చిన సార్వభౌమ పసిడి బాండ్లు ఇంకా మంచివి: మొదటి విడతలో గ్రాము 2,684 రూపాయలకు కొన్నవారికి 2023 నవంబరులో 6,132 వచ్చింది, వడ్డీ అదనం. 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వం కొత్తవి జారీ చేయలేదు. ఉన్నవారు గడువు దాకా అట్టిపెట్టుకోవడమే మంచిది. ఎక్స్ఛేంజీలో వాటికి కొనేవారు తక్కువ, కంగారు వారాల్లో అసలు ధర రాదు. ఫోన్లో పది రూపాయలకు కొనే డిజిటల్ గోల్డ్ తన నియంత్రణ పరిధిలో లేదని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. అది చాలు.

మనం చూసే ధరలో డాలరు ధరతో పాటు రూపాయి విలువ, దిగుమతి సుంకం కూడా ఉంటాయి. 2013లో ప్రపంచ మార్కెట్లో బంగారం పావు వంతుకు పైగా పడినా, ఆగస్టులో డాలరుకు 68 దాటేలా రూపాయి కూడా పడటంతో మనకు ఆ దెబ్బ చాలావరకు తగ్గింది. 2024 జులై 23న సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే, ఏ సంక్షోభమూ లేకుండానే ధర ఒక్కసారిగా పడింది. 1991లో మన దేశమే దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టింది. రూపాయి కష్టంలో ఉన్నప్పుడు బంగారం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

తాకట్టు అన్నాం కాబట్టి, అమ్మకుండా గడ్డెక్కడానికి బంగారు రుణం మంచి దారే, తగ్గి తీసుకుంటే. 2025 జూన్‌లో ఆర్బీఐ ఇచ్చిన ఆదేశాలు రెండున్నర లక్షల వరకు రుణానికి బంగారం విలువలో 85 శాతం, 5 లక్షల వరకు 80, ఆపైన 75 శాతం దాకా అనుమతిస్తాయి. నగలకూ నాణేలకే గానీ బిస్కెట్ల మీద, ఈటీఎఫ్‌ల మీద ఇవ్వరు. గ్రాము 10 వేలు అనుకుంటే ఐదు కాసుల, అంటే 40 గ్రాముల నగకు 4 లక్షలు, రుణం 3 లక్షల 20 వేలు. ధర 20 శాతం పడితే నగ విలువా 3 లక్షల 20 వేలే, పైగా వడ్డీ. తేడా కట్టమని ఫోన్ వస్తుంది, కట్టలేకపోతే వేలం నోటీసు. సగానికి మించి తీసుకోకపోతే ఆ ఫోన్ రావడం అరుదు. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టి, వాటి మీద అప్పు తెచ్చిన మిర్చి రైతును అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతాడు. ధర పడిపోయి 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించి కేంద్రం జోక్యం చేసుకోవలసి వచ్చిన ఏడాది, అప్పు గడువు మాత్రం ధర కోసం ఆగలేదు.

ఏడాదికి ఒక రోజు వాటాలు చూసుకోండి. 40 లక్షలలో బంగారం 8 లక్షలు, అంటే 20 శాతం ఉన్నవారికి బంగారం రెట్టింపై 16 లక్షలు, మిగతా 32 లక్షలు వడ్డీతో 36 లక్షలు అయితే, వాటా దాదాపు 31 శాతానికి చేరుతుంది. 25 దాటినప్పుడు కొంత అమ్మి బాండ్ల మెట్లలోకి మార్చాలన్న నియమాన్ని ముందే కాగితం మీద రాసుకోండి. ధర పెరుగుతున్నప్పుడు అమ్మబుద్ధి కాదు, పడుతున్నప్పుడు కొనబుద్ధి కాదు. పన్ను లెక్క ఆడిటరుకు వదిలేయండి.

ఇక కాగితాలు. ఖాతాలు, బాండ్లు, లాకరు సంఖ్య, నామినీల పేర్లు ఒక పుస్తకంలో రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు. లాకరులో దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగి మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్లే: 3 వేల అద్దెకు 3 లక్షలు. వరద వంటి ప్రకృతి విపత్తుకు, బ్యాంకు తప్పు లేనప్పుడు, ఆ బాధ్యత కూడా లేదు, కాబట్టి నగలకు విడిగా బీమా చేయించుకోండి. లాకరు గది సెల్లారులో ఉందా, పై అంతస్తులో ఉందా చూడండి. గట్టి వాన పడితే ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో ఎదురుగా ఉన్న టీ కొట్టు ఆయన్ను అడగండి, మేనేజరుగారు నిరుడే బదిలీ మీద వచ్చి ఉండవచ్చు.