అర్రేలో కొంత భాగాన్ని ఎంచుకోవడం: 6వ గేటు నుండి 10వ గేటు వరకు

నాగార్జునసాగర్ ఆనకట్టకు 26 క్రెస్టు గేట్లు ఉన్నాయి. ఒక్కో గేటును ఎన్ని అడుగులు ఎత్తారో 1వ గేటు మొదలుకొని వరుసగా నమోదు చేసిన జాబితా, అంటే అర్రే, మన వద్ద ఉందనుకొని, దానికి గేట్లు అని పేరు పెడదాం. (ఇక్కడ వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3 ఇటువంటి తెలుగు పేర్లను అంగీకరిస్తుంది.) అందులో 6వ గేటు నుండి 10వ గేటు వరకు ఉన్న అయిదు విలువలు కావాలంటే ఇలా రాయాలి:

గేట్లు[5:10]

అర్రేలో లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక 6వ గేటు ఇండెక్స్ (స్థాన సంఖ్య) 5, 10వ గేటు ఇండెక్స్ 9 అవుతాయి. మరి రెండో సంఖ్య 9 కాక 10 ఎందుకయిందంటే, స్లైస్‌లో (అంటే ఇలా తీసిన భాగంలో) మొదటి సంఖ్య వద్ద ఉన్న విలువ చేరుతుంది గానీ రెండో సంఖ్య వద్ద ఉన్నది చేరదు. ఇండెక్స్‌లను దారి పక్కన పాతిన కిలోమీటరు రాళ్లుగా భావించండి: 5వ రాయికీ 10వ రాయికీ నడుమ ఉన్నది అయిదు కిలోమీటర్ల దారే తప్ప ఆరు కాదు. కనుక మామూలు గేటు నంబర్ల నుండి మార్చుకునేటప్పుడు మొదటి సంఖ్యలో ఒకటి తగ్గించి, రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి.

ఈ పద్ధతిలో రెండో సంఖ్య నుండి మొదటిది తీసివేస్తే ఎన్ని విలువలు వస్తాయో తెలుస్తుంది. పైగా గేట్లు[:10] (మొదటి నుండి), గేట్లు[10:] (చివరి వరకు) అని విడగొడితే ఏ గేటూ రెండు వైపులా రాదు, ఏదీ మిగిలిపోదు. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో ఈ పద్ధతినే సమర్థించారు. రూబీ అనే భాషలో మాత్రం రెండు చుక్కలు పెడితే చివరి అంశం చేరుతుంది, మూడు పెడితే చేరదు.

చివరి నాలుగు గేట్లకు గేట్లు[-4:] అని రాస్తే సరిపోతుంది, మైనస్ ఉంటే లెక్క చివరి నుండి సాగుతుంది. అసలు చిక్కు, ఆ నాలుగు స్థానంలో ఎన్ని అనే చరరాశిని పెట్టి గేట్లు[-ఎన్ని:] అని రాసినప్పుడు వస్తుంది. ఎన్ని విలువ సున్నా అయిన రోజున ఖాళీ జాబితాకు బదులు మొత్తం 26 విలువలూ వస్తాయి, ఎందుకంటే మైనస్ సున్నా అన్నా సున్నాయే. జాబితా పొడవులో నుండి ఎన్ని అనే చరరాశి విలువను తీసివేసి, వచ్చిన సంఖ్య నుండి స్లైస్ మొదలుపెట్టడం క్షేమం. హద్దు దాటడం విషయంలోనూ జాగ్రత్త అవసరం: గేట్లు[30] అంటే పైథాన్ లోపం చూపి ఆగిపోతుంది, కానీ గేట్లు[20:30] అంటే ఏమీ అనకుండా ఆరు విలువలే ఇస్తుంది. నా దృష్టిలో ఈ మౌనమే ఎక్కువ ప్రమాదకరం.

ఒక గేటు విడిచి ఒక గేటు కావాలంటే గేట్లు[::2] రాస్తే బేసి నంబర్లవి వస్తాయి.

పైథాన్ జాబితాను స్లైస్ చేస్తే కొత్త జాబితా తయారవుతుంది కనుక అందులో ఒక విలువను మార్చినా పాతది మారదు. పైథాన్‌లో సంఖ్యల లెక్కలకు వాడే నంపై లైబ్రరీ అర్రేలో ఇలా తీసిన స్లైస్ అసలు అర్రేతో ఒకే మెమరీని పంచుకుంటుంది, అందుచేత ఇక్కడ దిద్దితే అక్కడా మారిపోతుంది. గో భాషలోనూ దాదాపు ఇదే తీరు. జావాస్క్రిప్ట్‌లో స్లైస్ అనే పద్ధతి కొత్త అర్రేను ఇస్తుంది, పేరులో దాన్ని పోలిన స్ప్లైస్ మాత్రం అసలు అర్రే నుండే విలువలను తొలగిస్తుంది, పైగా దాని రెండో సంఖ్య ముగింపు స్థానం కాదు, తీసివేయవలసిన అంశాల సంఖ్య.